పెళ్లి తరఫు ప్లీడరు

ఫాదర్ మామయ్యకు ఉన్నది ఒకటే జబ్బు. ఎదుట లేనివాళ్లను ఎవరైనా ఒక్క మాట అంటే చాలు, వాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకుంటాడు. వాళ్లు మనుషులే కానక్కర్లేదు. పిల్లి కావచ్చు, పాసిపోయిన కూర కావచ్చు, వేళకు రాని బస్సు కావచ్చు. "అవతలివాళ్ల మాట కూడా వినాలి కదా!" అంటూ కుర్చీ ముందుకు జరుపుకుంటాడు. ఆ కుర్చీ చప్పుడు వినగానే ఇంట్లోవాళ్లంతా ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోతారు.

ఒకసారి వాళ్లక్క గిన్నె మూత తీసి ముక్కు మూసుకుంది.

"కూర పాసిపోయింది. పారబోసేస్తాను."

"నువ్వు వాసన చూశావు, సరే. కూర తరఫున ఎవరు మాట్లాడారు?"

ఎవరూ మాట్లాడకపోతే ఆయనే మాట్లాడాడు, గిన్నె ఖాళీ చేసి మరీ. తర్వాత రెండు రోజులు మంచం దిగలేదు. అక్క మందు పట్టుకొచ్చి, "ఇప్పుడేమంటావురా?" అని నిలదీస్తే, నీరసంగా కళ్లు తెరిచి, "కూరే కారణమని రుజువేదీ? పొద్దున తిన్న రొట్టె కూడా కావచ్చుగా" అన్నాడు.

ఇంకోసారి బిషప్ గారి బంగళాలో వంటవాడు పాలు తాగేసిందని పిల్లి మీద చీపురెత్తాడు. మామయ్య అడ్డం వెళ్లి అక్కడికక్కడే విచారణ మొదలుపెట్టాడు. గిన్నె ఎక్కడ పెట్టావు, మూత ఎవరు తీశారు, పాలు తాగి మళ్లీ మూత పెట్టే పిల్లిని నువ్వెక్కడైనా చూశావా అని అడిగి అడిగి వంటవాడికి చెమటలు పట్టించాడు. చివరికి పక్క గదిలోంచి బిషప్ గారే దగ్గుతూ వచ్చి, "ఆ పాలు నేనే తాగాను ఫాదర్, ఇక వదిలేయండి" అన్నారు. పిల్లి నిర్దోషిగా విడుదలైంది. మర్నాడు నిజంగానే పాలు తాగేసింది.

"అది వేరే కేసు" అన్నాడు మామయ్య.

ఇలాంటి మనిషికి ఊరు పేరు పెట్టకుండా ఉంటుందా? ‘అడ్డుపుల్ల ఫాదరు’ అని పెట్టింది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసి, ఆ పేరు పెట్టినవాళ్ల తరఫున కూడా వాదించాడు: "నాతో వేగలేక పెట్టుకున్నారు. పాపం, వాళ్ల బాధ వాళ్లది."

ఆయన మేనకోడలు ఊరి కోర్టులో వకీలు. ఇంటా బయటా అందరికీ ప్లీడరమ్మే. చిన్నప్పుడు అమ్మ తనను తిడితే తన తరఫున, తను అమ్మను తిట్టుకుంటే అమ్మ తరఫున మాట్లాడే ఈ మామయ్య దగ్గరే ఆమె వాదించడం నేర్చుకుంది. నేర్పినవాడికే ఎదురు నిలబడాల్సి వస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

మామయ్యకు జబ్బుకు తగ్గ ఉద్యోగమే దొరికింది. బిషప్ గారి బంగళా వెనక, పాత సామాన్ల గది పక్కన, శ్రీసభ న్యాయస్థానం, అంటే చర్చి వాళ్ల కోర్టు, ఉంది. ఒక పొడుగాటి బల్ల, కిర్రుమనే ఫ్యాను, మూడున్నర కాళ్ల కుర్చీ ఒకటి. చర్చిలో జరిగిన తన పెళ్లి అసలు పెళ్లే కాదని ఎవరైనా చెప్పుకోవాలంటే అక్కడికే రావాలి. అక్కడ మామయ్య హోదా ‘బంధ సమర్థకుడు’. కాదు, అది నికార్సయిన పెళ్లేనని ప్రతిసారీ ఎదురు వాదించడం ఆయన విధి.

"భార్యకు ప్లీడరుంటాడు, భర్తకు ప్లీడరుంటాడు. పెళ్లికి నోరుందా పాపం? దాని తరఫున నేను" అనేవాడు.

"పాతకాలపు చాదస్తం మామయ్యా! మా కోర్టులో ఇద్దరూ సరేనంటే విడాకులు ఇట్టే అయిపోతాయి."

"మీ కోర్టు సంగతి నాకు చెప్పకు. రెండు పక్షాలూ వినాలి, సాక్ష్యం రాసిపెట్టాలి, రాసినదాన్ని చూసే తీర్పు చెప్పాలి. ఇవన్నీ మీ పెద్దలు చాలావరకు మా పాత చర్చి కోర్టుల్లో చూసి నేర్చుకున్నవే. మా వసారాలో పెరిగిన పిల్ల మీ కోర్టు. పెద్దదై కోటు తొడుక్కుని ఇప్పుడు మమ్మల్ని గుర్తుపట్టడం లేదు."

"ఆహా! మరి చట్టాన్నంతా నంబర్లేసి ఒక్క పుస్తకంగా కుట్టడం మీరెవరి దగ్గర నేర్చుకున్నారో?"

మామయ్య గతుక్కుమన్నాడు. "అది మీ దగ్గరే. ఇరుగుపొరుగన్నాక చేబదుళ్లుండవా?" అని, వెంటనే తేరుకుని, "అయినా ఒక తేడా ఉందిలే. పెళ్లి ఎలా చెడిందని మీరడుగుతారు. ఎలా మొదలైందని మేమడుగుతాం" అన్నాడు.

ఆ తేడా ఏమిటో ప్లీడరమ్మకు దర్జీ కేసులో తెలిసొచ్చింది.

ప్లీడరమ్మ ఆఫీసు కిందే ఆ దర్జీ దుకాణం. ఊళ్లో సగం మంది పెళ్లికూతుళ్ల బట్టలు ఆమె చేతి మీదుగా వచ్చినవే. ఆమె సొంత పెళ్లి మాత్రం ఏడాది తిరక్కుండానే తెల్లారింది. విడాకులు ప్లీడరమ్మే ఇప్పించింది. ఇప్పుడు ఎదురువీధిలో రొట్టెల బట్టీ నడిపే అతను ఆమెను చేసుకుంటానంటున్నాడు. ఆమెకూ ఇష్టమే. కానీ మొదటి పెళ్లి చెల్లదని చర్చి చెప్తే తప్ప రెండో పెళ్లి చర్చిలో జరగదు.

"చర్చిలో కాకపోతే నాకు పెళ్లే వద్దక్కా" అంది దర్జీ. "అసలది నాకిష్టం లేని పెళ్లి. నాన్న బెదిరించి చేశాడు."

బెదిరించి చేసిన పెళ్లి చర్చి చట్టం ప్రకారం పెళ్లే కాదు. ఇంకేం, నల్లేరు మీద బండి నడక అనుకుంది ప్లీడరమ్మ. బిషప్ గారి అనుమతి తీసుకుని కాగితాలు పెట్టింది.

మొదటి రోజే మామయ్య లేచి నిలబడ్డాడు. "అయ్యా, ఆ పక్క ప్లీడరు నా మేనకోడలు. నన్ను తప్పించాలని నా మీద నేనే అభ్యంతరం చెప్తున్నాను."

న్యాయాధిపతి ఫాదర్ తల పట్టుకున్నారు. "ఆ పని చేసేవాడు మీరు తప్ప మనకింకొకరు లేరు. కూర్చోండి."

"నా అభ్యంతరం రాసుకున్నారా?"

"రాసుకున్నాం. కూర్చోండి!"

దర్జీ వచ్చి ప్రమాణం చేసింది.

"ఆ రోజు పెళ్లికి ఇష్టమేనన్నావా అమ్మా?" అడిగాడు మామయ్య.

"అన్నానండి."

"మనసారా అన్నావా?"

దర్జీ తల వంచుకుంది. "మనసారానే అన్నానండి."

ప్లీడరమ్మ నెత్తిన పిడుగు పడ్డట్టయింది. మేడ మీద ఆఫీసులో తనతో చెప్పిన మాట ఫాదర్ల ముందు చెబితే నాన్న పరువు పోతుందని ఈ పిల్ల నోరు నొక్కేసుకుంటోంది. నాన్నతో మాటల్లేవు, అయినా ఆయన పరువు కావాలి. ప్లీడరమ్మకు ఆమె మీద కోపమూ జాలీ ఒక్కసారే వచ్చాయి.

గెలిచిన మామయ్య అక్కడితో ఆగితే బాగుండేది. కానీ నోరులేని పెళ్లికి ఇంకాస్త బలం చేకూర్చాలని ఆయన ఆశ.

"మరి పెళ్లి బట్టలు నువ్వే కుట్టుకుని ఉంటావు. నీ అంత పనిమంతురాలు ఇంకొకరిని కుట్టనిస్తుందా?"

"లేదండి. బజార్లో కుట్టించారు."

"పోనీ, కొలతలు నువ్వే ఇచ్చావుగా?"

"నన్నెవరూ అడగలేదండి. చెల్లి కొలతలిచ్చారు."

"సరిపోయాయా?"

"లేదండి. భుజాల దగ్గర పట్టేసింది. చెయ్యెత్తలేకపోయాను." భుజం తడుముకుంది. "ఊరందరికీ కుట్టాను ఫాదర్. నాకు కుట్టుకోవాలనిపించలేదు" అంటూనే వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తర్వాత ఏ ప్రశ్నా వేయకుండానే, గదిలో తలుపేసుకుని ఏడ్చిన రోజులతో సహా జరిగిందంతా చెప్పేసింది.

కూర్చున్న కొమ్మను మామయ్య తానే నరుక్కున్నాడు. ప్లీడరమ్మ సంతోషం పట్టలేక, "ఇక తీర్పుకు పోదామండీ" అంది.

కుర్చీ కదిలిన చప్పుడైంది.

"ఆమె తండ్రి మాట మనం వినలేదు కదా!"

"కబురు పెట్టాం. రానన్నాడు" అన్నారు న్యాయాధిపతి.

"అయితే మనమే వెళ్లాలి."

ప్లీడరమ్మ వరండాలో ఆయన్ను పట్టుకుంది. "మామయ్యా! నీకు పుణ్యముంటుంది, ఆపు. ఆయనొచ్చి కాదంటే ఆ పిల్ల బతుకేమవుతుంది?"

"కాదంటే కాదంటాడు. ఏమంటాడో వినకుండా ఎలా?"

"నీ జబ్బుకు మందు లేదు" అంది ప్లీడరమ్మ. అని, ఏం కొంప ముంచుతాడోనన్న భయంతో వెంట నడిచింది.

దర్జీ తండ్రి వడ్రంగి. మామయ్య న్యాయస్థానంలోని మూడున్నర కాళ్ల కుర్చీని నెత్తిన పెట్టుకుని ఆయన పాకలోకి దిగాడు.

"కుర్చీ కోసం వచ్చారా, సాక్ష్యం కోసం వచ్చారా?" అన్నాడు వడ్రంగి, తలెత్తకుండానే.

"రెండింటికీ." చల్లకొచ్చి ముంత దాచడం మామయ్యకు చేతకాదు.

"నాకెప్పుడో శిక్ష వేసేశారుగా. కూతురు మాట్లాడదు. వీధిలోవాళ్లు మొహం తిప్పుకుంటారు. ఇంకా చెప్పేదేముంది?"

"వేసినవాళ్లు మిమ్మల్ని ఒక్క మాటైనా అడిగారా? నేను అడగడానికొచ్చాను. నేను ఆ పెళ్లి తరఫు మనిషిని. అది మంచి పెళ్లేనని చెప్పగలిగేది మీరొక్కరే. చెప్పండి, ఆనందంగా వెళ్లి రాయిస్తాను."

వడ్రంగి ఒక చెక్క తీసుకుని చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఆయన చేతులు వాటంతటవే ఆగిపోయాయి.

"మా ఇల్లాలు పోయింది. ఇద్దరాడపిల్లలు. రేపు నేనూ పోతే వీళ్లకెవరున్నారని ఒకటే భయం. ‘ఒప్పుకోకపోతే నేను బతకను’ అన్నాను. అది ఏడుస్తూ తలూపింది. దాన్ని మంచి పెళ్లని ఏ నోటితో చెప్పను ఫాదర్?"

మామయ్య మొహం వాడిపోయింది. "ఒక్క మంచి ముక్కయినా లేదా?"

"భోజనాలు బాగున్నాయన్నారు."

"అది చాలదు" అన్నాడు మామయ్య దిగులుగా.

ఆ వారమే వడ్రంగి తనంతట తానే వచ్చి, ప్రమాణం చేసి, తనే బెదిరించానని చెప్పాడు. కూతురి వంక చూడకుండా వెళ్లిపోయాడు. ‘ఈ పెళ్లిని నిలబెట్టడానికి వెతకని చోటు లేదు. చెప్పదగ్గ మాట ఒక్కటీ దొరకలేదు’ అని మామయ్య తన వాదన ముగించాడు. ఆ పెళ్లి చెల్లదని తీర్పొచ్చింది. ఎదురు వాదించడానికి పుట్టినవాడే చేతులెత్తేసిన తీర్పును ఇక ఎవరు కదపగలరు? ఇన్నాళ్లూ అడ్డుపుల్ల అనుకున్నది ఇంటికి దూలమని ప్లీడరమ్మకు ఆ రోజు అర్థమైంది. మామయ్య మీద చెప్పలేనంత ప్రేమ పొంగుకొచ్చింది.

రొట్టెలతనితో పెళ్లి రోజున చర్చి కిటకిటలాడింది. పెళ్లి జరిపించే గురువు అలవాటుగా అడిగారు: "ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి."

చర్చి మొత్తం ఒక్కసారిగా మామయ్య వైపు తిరిగింది. ప్లీడరమ్మ ఆయన అంగీ అంచు గట్టిగా పట్టుకుని, "నీకు దణ్ణం పెడతాను, లేవకు" అంది. ఆయన లేచాడు.

"ఉంది" అన్నాడు.

రొట్టెలతని మొహం పిండిలా తెల్లబోయింది.

"పెళ్లికూతురి తండ్రి బయట మెట్ల దగ్గరే నిలబడిపోయాడు. లోపలికొచ్చే అర్హత తనకు లేదని తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు. కూతురి మాట వినకుండా చెప్పిన తీర్పు చెల్లదు. ముందు ఆమెను అడగండి."

గురువు అడిగేలోపే దర్జీ తలుపు వైపు నడిచింది. మెట్ల దగ్గర తండ్రీ కూతుళ్లు ఏం మాట్లాడుకున్నారో లోపలికి వినబడలేదు. కొంచెం ఆలస్యమే అయింది, ఎవరూ విసుక్కోలేదు. ఆమె ఆయన్ను చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టింది. ఆయన ముక్కు చీదిన చప్పుడు చర్చంతా వినబడింది.

గురువు గొంతు సవరించుకున్నారు. "ఇంకేమైనా అభ్యంతరాలున్నాయా ఫాదర్?"

మామయ్య పెళ్లికూతుర్ని చూశాడు, పెళ్లికొడుకును చూశాడు, వడ్రంగిని చూశాడు. మనసులో నాలుగు మూలలా వెతుక్కున్నాడు.

"ప్రస్తుతానికి లేవు" అని కూర్చున్నాడు.