హవల్దార్ తాత మోకాలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది వానాకాలం. సూరత్‌లోని లింబాయత్‌లో ఒక చిన్న క్లినిక్‌లో డ్రెస్సింగ్‌లు చేసే నర్సును నేను. మగ్గాల మీద చేతులు కోసుకున్నవాళ్లూ, షుగర్ పుండ్లవాళ్లూ అందరూ నా బల్ల దగ్గరికే రావాలి. ఎక్కువమంది మా తెలంగాణవాళ్లే.

అలా వచ్చాడు యాకోబు తాత. ఆర్మీలో హవల్దార్‌గా రిటైరై, ఇక్కడొక పవర్‌లూమ్ షెడ్‌కు వాచ్‌మన్‌గా కుదిరిన మనిషి. లుంగీ కింద మిలటరీ బూట్లు, చొక్కాకు పతకాలు, చంకలో బైబిలు. డాక్టర్‌గారు కనిపిస్తే చాలు, లేచి సెల్యూట్ కొట్టి, "హవల్దార్ యాకోబు హాజర్! దేవునికి స్తోత్రం!" అని అరిచేవాడు. బెంచీ మీద వాళ్లు ఉలిక్కిపడి, ఆ తర్వాత పడీపడీ నవ్వేవాళ్లు.

గాయం మాత్రం నవ్వులాట కాదు. కుడి మోకాలి మీద లోతైన పుండు. షుగర్ వల్ల నరాలు మొద్దుబారితే నొప్పి తెలియదు, దాన్నే మేం న్యూరోపతి అంటాం. నేను పుండు శుభ్రం చేస్తుంటే ఆయన హాయిగా కీర్తన పాడుకునేవాడు. వారాలు గడిచినా అది మానలేదు. ఎముకకు పాకితే కాలు తీసేయాల్సి వస్తుందని డాక్టర్‌గారు చెప్పేశారు.

"తాతా, నిజం చెప్పు. గీ మోకాలు మీద ఏం బరువు పెడుతున్నవ్?"

"ప్రార్థన, బిడ్డా. పొద్దుగాల షెడ్డుల మోకాళ్ల మీద ఉంట."

"ఎంతసేపు?"

"అందరి పేర్లు అయ్యేదాంక."

మా తమ్ముడు శ్రీను పనిచేసేది ఆ షెడ్‌లోనే. వాణ్ణి అడిగితే సంగతి తెలిసింది. షిఫ్ట్ మొదలయ్యే ముందు తాత సిమెంటు గచ్చు మీద మోకరించి, ఒక్కొక్క కార్మికుడి పేరూ, ఊళ్లో ఉన్న వాళ్ల పిల్లల పేర్లూ చెప్పి ప్రార్థన చేస్తాడట. కార్మికులంతా హిందువులే. "మొదట్ల నవ్వేటోళ్లం అక్కా. గిప్పుడు పేరు ఇనకుంట మిషన్ షురూ చెయ్యబుద్ధి కాదు" అన్నాడు శ్రీను.

పుండు మీద బరువు పడకుండా చూడటాన్ని ఆఫ్‌లోడింగ్ అంటాం. అది లేనిదే ఏ మందూ పనిచేయదు. కుర్చీలో కూర్చుని ప్రార్థన చేసుకోమంటే తాత కస్సుమన్నాడు.

"కాలు వోతే వోనీ! దేవుని ముంగట కుర్చేసుకొని కూసోమంటవా? గసొంటి పని యాకోబు చెయ్యడు!"

మోకాలి కింద దిండు పెట్టుకోమన్నా వినలేదు. ఇంత మంచి మనిషి కాలు చేజేతులా పోగొట్టుకుంటున్నాడే అని ఒకటే బాధ, మొండితనం చూస్తే ఒళ్లుమంట.

తర్వాతి డ్రెస్సింగ్‌కు వచ్చి, ఎప్పటిలాగే డాక్టర్‌గారికి సెల్యూట్ కొడుతుంటే నాకు తట్టింది. బల్ల మీద కూర్చోబెట్టి అడిగాను.

"తాతా, మిలటరీల మీ పెద్దాఫీసర్ వస్తే మోకాళ్ల మీద కూసునేటోనివా?"

"ఛీ! అటెన్షన్‌ల నిలవడేది."

"మరి నీ దేవుడు గాయినకంటే పెద్దాఫీసరే కదా?"

తాత తన పతకాలు ఒకసారి తడిమి చూసుకున్నాడు. "ఏంది బిడ్డా, గీ ముచ్చట ఇన్నేండ్లు నాకెవ్వలు జెప్పలే!" అంటూ కూర్చున్నచోటే నడుము నిటారుగా పెట్టాడు.

నిజంగా నిలబడే ప్రార్థన చేస్తున్నాడా అని నమ్మకం కుదరక ఒక పొద్దున షెడ్‌కు వెళ్లి చూశాను. డెబ్బై దాటిన మనిషి మడమలు కలిపి, పిడికిళ్లు బిగించి, పేరు వెంట పేరు చెబుతున్నాడు. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోడు. చివర్లో నా పేరు వినిపించింది. అబ్బ, ఏం మనిషి! ఎన్నో చావులు చూసినదాన్ని, అంత తేలిగ్గా ఏడవను. ఆ పొద్దున మగ్గం చాటుకు వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

దీపావళి నాటికి పుండు మానింది. కాలు దక్కింది. మొన్న ఎండాకాలంలో తాత నిద్రలోనే ప్రశాంతంగా పోయాడు.

అది మానెయ్, ఇది మానెయ్ అని చెప్పడం మా పనిలో చాలా సులువు. ఆ మనిషి ప్రాణం దేనిమీద ఉందో తెలుసుకున్నాకే వైద్యం మొదలవుతుందని నాకు నేర్పింది యాకోబు తాతే. ఆయన్ని మట్టి చేసిన మరుసటి పొద్దున షెడ్‌లో ఎవరూ స్విచ్ వేయలేదట. కాసేపటికి మా శ్రీనే ముందుకొచ్చి, అటెన్షన్‌లో నిలబడి పేర్లు చెప్పడం మొదలుపెట్టాడట. మొదటి పేరు యాకోబు.