నాకు స్టాండర్డ్ చాలు

సింగపూర్‌లోని సెంగ్‌కాంగ్‌లో మాకు తెలిసిన తెలుగు కుటుంబాలన్నిటికీ కలిపి చలికోట్లు ఒక్క సెట్టే ఉన్నాయి. మొదట ఎవరు కొన్నారో ఎవరికీ గుర్తులేదు. ఏడాది పొడుగునా చెమటలు కక్కే ఈ ఊళ్ళో అవి ఒక ఆంటీ గారి మంచం కింద పెట్టెలో పడుకుని, డిసెంబరు సెలవులు రాగానే ఏదో ఒక కుటుంబంతో ఏదో ఒక చలిదేశం తిరిగొస్తాయి. ఎవరి ఫోటోలు చూసినా అదే ఎర్రకోటు, లోపల మనిషే మారుతుంటాడు.

ఆ ఆంటీ ఒకప్పుడు మా గవర్నమెంటు ఫ్లాట్ల బ్లాకులోనే ఉండేవారు. ఎదురుగా ఉన్న ఖరీదైన కాండో ఫ్లాట్లలోకి మారిన దగ్గర్నుంచి ఆవిడకు లోకంలో వస్తువులు రెండే రకాలు: ప్రీమియం, మొహమాటానికి వాడేవి. కోట్ల పెట్టె ఆవిడ దగ్గరుంది కాబట్టి ఎవరు ఏ దేశం వెళ్ళినా ఆవిడ సలహా మీదుగానే వెళ్ళాలి.

ఆ డిసెంబరుకి కోట్ల వంతు మాది. జపాన్‌లో హొక్కైడోకి టిక్కెట్లు కొన్నాం. అక్కడ ఒక కొండ మీద స్నోమొబైల్ ఎక్కించే టూరు ఉందని మావారు కనిపెట్టారు. ముందు చక్రాల బదులు రెండు పలకలు, వెనక రబ్బరు పట్టా ఉండే మంచుబండి అది. లైసెన్సు అక్కర్లేదు. మా అమ్మాయి ఆ పూట స్కీ క్లాసుకి పోతానంది కాబట్టి మేమిద్దరమే వెళ్ళాలి.

మావారు ఏది కొనాలన్నా పరిశోధన చేస్తారు. రైస్ కుక్కర్ మీద ఆయన పరిశోధన పూర్తయ్యేసరికి కంపెనీవాళ్ళు ఆ మోడలు తయారు చెయ్యడమే మానేశారు. ఫ్రీజర్లో తప్ప ఎక్కడా మంచు చూడని ఈ మనిషి ఇప్పుడు పట్టా పొడుగు ఎంతుంటే లోతు మంచులో దిగబడదు, కొండ ఎక్కేటప్పుడు సస్పెన్షన్ ఎలా ఉండాలి అని రోజూ అన్నాల దగ్గర ఉపన్యాసం మొదలుపెట్టారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆయన చెప్పిన దాంట్లోంచి నాకు కావలసింది నేను ఏరుకున్నాను. టూరు రెండు రకాలు. స్టాండర్డ్ అంటే ఒంటి సీటు మామూలు బండి. ఎవరి బండి వాళ్ళే నడుపుకుంటూ గైడు వెనకాల వెళ్ళాలి. ప్రీమియం అంటే ఇద్దరెక్కే పెద్ద బండి. ఒకరు నడుపుతారు. వెనక కూర్చునేవాళ్ళకి వేడెక్కే సీటు, వీపుకి దిండు, పట్టుకోవడానికి వెచ్చని పిడులు.

"నీ కోసమే పెట్టినట్టున్నారు. నేను నడుపుతా, నువ్వు హాయిగా వెనక కూర్చో" అన్నారు మావారు.

నాకు ఒళ్ళు మండింది. బాపట్లలో కాలేజీ రోజుల్లో నాకో స్కూటీ ఉండేది. క్లాసు ఎగ్గొట్టి దాని మీద సూర్యలంక సముద్రం దాకా వెళ్ళి, కాళ్ళు తడుపుకుని, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చేదాన్ని. పెళ్ళయి ఇక్కడికొచ్చాక కారు కొనే స్తోమత లేదు, బస్సులుండగా ఆడదానికి బండెందుకన్నారు. ఇన్నేళ్ళుగా నేను ఎక్కడమూ దిగడమూ తప్ప ఏదీ నడపలేదు. మా సెంగ్‌కాంగ్ ఎల్ఆర్‌టీ రైలుకి డ్రైవరే ఉండడు. ఎవరూ నడపని ఆ బండిలో కూడా నేను ప్యాసింజరునే.

అందుకే స్పష్టంగా చెప్పాను. "నాకు స్టాండర్డ్ చాలండీ. నా బండి నేనే నడుపుతా."

"డబ్బుల గురించి ఆలోచించకు."

"డబ్బుల గురించి కాదు. నాకు నడపాలనుంది."

"అదేలే, నాకు తెలీదా నీ సంగతి" అని ఆయన ప్రేమగా నవ్వి, ప్రీమియం వీడియో ఇంకోటి పెట్టుకున్నారు.

పక్కన సోఫాలో ఫోను చూసుకుంటున్న మా అమ్మాయి తలెత్తి తన సింగపూర్ యాసలో అంది. "అమ్మ నో అంది కదా డాడీ. నో అంటే నో లా."

"నీకు తెలీదమ్మా, మీ అమ్మ ఏదీ తన కోసం అడగదు" అన్నారాయన. నేను అడుగుతున్నది అప్పుడే, ఆయన ఎదుటే, గొంతు పెంచి.

ఇందులో ఆయన్ని పూర్తిగా అనడానికి లేదు. మనవాళ్ళలో వద్దు అన్నమాట మొదటిసారి మర్యాద, రెండోసారి మొహమాటం. మూడోసారి అంటే అలిగిందంటారు. నిజంగా వద్దనుకునే మనిషి ఎన్నోసారి చెబితే నమ్ముతారో ఆ లెక్క ఎవరూ తేల్చలేదు.

కోట్లు తెచ్చుకోవడానికి ఆ శనివారం ఆంటీ ఇంటికి వెళ్ళాం. వెళ్ళాక భోజనం పెట్టకుండా పంపరు. గోంగూర పప్పు, వంకాయ కూర, పెరుగు వడ. నేను ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలు ఆంటీ" అన్నాను. ఆవిడ ఎడం చేత్తో నా చెయ్యి పక్కకి తోసి కుడి చేత్తో ఇంకో గరిటె అన్నం వేశారు.

మావారు అప్పుడే ఎత్తుకున్నారు. "చూడండాంటీ, ప్రీమియం వద్దు, స్టాండర్డ్ చాలంటోంది."

ఆంటీ గరిటె గాల్లో ఆపేశారు. "అదేంటమ్మా! అంత దూరం వెళ్ళి స్టాండర్డేంటి? బాబు ప్రేమగా తీసుకెళ్తుంటే మొహమాటపడతావేంటి? వెనక కూర్చుని ఫోటో తీయించుకో, ఎర్రకోటు తెల్లటి మంచులో ఎంత బాగా పడుద్దో!"

"నాకు నడపాలనుందాంటీ."

"ఎంత మంచి పిల్లండీ! బాబుకి ఖర్చవుద్దని పాపం ఎన్ని వంకలు చెప్తోందో" అంటూ ఆవిడ కళ్ళు తుడుచుకుని, నా ప్లేట్లో ఇంకో వడ పడేశారు. ఆ వడ ముందు కూర్చుని నేను ఒక నిర్ణయానికొచ్చాను. ముల్లుని ముల్లుతోనే తీయాలి.

తర్వాతి వారం ఆంటీ, కోట్లతో పాటు ఇవ్వడం మర్చిపోయిన చేతితొడుగులు పట్టుకుని మా ఇంటికొచ్చారు. మావారు అప్పుడే ఫోన్లో టూరు తెరిచి బుక్ చేయబోతున్నారు. నేను కాఫీ తెచ్చిచ్చి, చాలా దిగులుగా ముఖం పెట్టాను.

"ఆంటీ, ఈయన నడుం సంగతి మీకు తెలుసుగా. ఆఫీసులో పొద్దస్తమానం కూర్చుని కూర్చుని పట్టేసింది. ఆ కొండ మీద బండి నడిపితే ఏమవుద్దో అని భయంగా ఉంది. వెనక సీటుకి వేడి ఉందట, దిండు ఉందట. కావాలంటే గైడే నడుపుతాడట. ఆయన కూర్చుంటే బావుంటుంది గానీ, తన కోసం ఏదీ అడగరుగా."

మావారు ఉలిక్కిపడ్డారు. "అబ్బే, నాకేం లేదు. వద్దు వద్దు."

ఆ రెండు వద్దులూ ఆయన కొంప ముంచాయి.

"మొహమాటపడకు బాబూ! నడుం అంటే మాటలా? మా ఆయన అలాగే వద్దు వద్దంటూ బెల్టు కట్టుకునే దాకా తెచ్చుకున్నాడు" అని ఆంటీ సోఫాలో ముందుకి జరిగారు.

"నిజంగా వద్దాంటీ, నేను నడుపుతా..."

"చూశావా అమ్మా, భార్య కష్టపడకూడదని ఎంత తాపత్రయమో!" అని ఆవిడ నా వైపు తిరిగారు. "మరి నువ్వెలా వెళ్తావు?"

తల వంచుకున్నాను. "ఏదో ఆ స్టాండర్డ్‌లో నేను సర్దుకుంటాలెండి."

ఆంటీకి మళ్ళీ కళ్ళు చెమర్చాయి. ఆవిడ పక్కన కూర్చుని దగ్గరుండి బుక్ చేయించారు: మావారికి ప్రీమియం వెనక సీటు, నాకు స్టాండర్డ్. మా అమ్మాయి మెచ్చుకోలుగా నన్నే చూస్తూ "వా, అమ్మా!" అని మాత్రం అంది.

కొండ మీద ముందు గైడు, అతని వెనక వెచ్చటి సీట్లో ఎర్రకోటులో మావారు, వాళ్ళ వెనక నా బండి మీద నేను. ఎక్కగానే కుడిచేత్తో పిడి తిప్పాను. బండి కదల్లేదు. ఇన్నేళ్ళయినా చేతికి స్కూటీయే గుర్తుంది. దీనికి బొటనవేలితో మీట నొక్కాలట. నొక్కాను. బండి మంచు చిమ్ముకుంటూ దూకింది. హెల్మెట్ లోపల నేను గట్టిగా అరిచాను. సంతోషంతో అరవడం నాకింకా వచ్చునని నాకే తెలీదు.

సగం దారిలో ఆగాం. మావారు దిగి, మంచులో తడబడుతూ నా దగ్గరకొచ్చారు. ఆయన ముఖంలో బొమ్మ బండి పోగొట్టుకున్న పిల్లాడి దిగులుంది.

"ఇక్కణ్ణుంచి నేను నడుపుతాలే. నువ్వెళ్ళి వెచ్చగా కూర్చో."

"వద్దండీ."

"మొహమాట..." అని ఆగిపోయారు. హెల్మెట్ అద్దం పైకెత్తి ఉంది. నా ముఖం కనిపించినట్టుంది.

"నిజంగానే వద్దా?"

"నిజంగానే వద్దు."

ఆయన తల ఊపి, వెనక్కి నడిచి, తన వెచ్చటి సీట్లో కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది. మంచులో కన్నీళ్ళు తుడుచుకోవడానికి ఆ చేతితొడుగులు ఏ మాత్రం పనికిరావు.

తిరిగొచ్చాక కోట్లు ఇవ్వడానికి ఆంటీ ఇంటికి వెళ్ళాం. భోజనం మామూలే. నేను ప్లేటు మీద చెయ్యి పెట్టి చాలన్నాను. ఆవిడ ఎడం చెయ్యి అలవాటుగా ముందుకొచ్చింది.

"ఆంటీ, తను వద్దంటోంది" అన్నారు మావారు. "తనకి నిజంగానే వద్దు."

ఆంటీ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. ఎత్తిన గరిటెను వెనక్కి తీసుకెళ్ళడం ఆ ఇంట్లో ఎన్నడూ జరగలేదు. ఆ అన్నం మావారి ప్లేట్లో పడింది.

"చాలు ఆంటీ" అన్నారాయన. ఆవిడ అప్పటికే రెండో గరిటె ముంచుతున్నారు.