గడ్డం కింద రెండు వేళ్లు

పెరటి గోడ మీద హెల్మెట్ లోపలి మెత్త ఆరేసి ఉంది. కుంకుడు రసం వాసన, దాని అడుగున ఎంత పిండినా వదలని చెమట వాసన, రెండూ కలిసి వంటింటి కిటికీలోంచి లోపలికి వస్తున్నాయి. నిన్న ఆదివారం పొద్దున్నే ఉతికాను. గుడ్డ పిండి వేస్తే గంటలో అప్పడంలా పెళపెళలాడే ఊరు మా కల్లూరు. అలాంటిది నిన్న పదిగంటల నుంచే మబ్బు కమ్మింది. ఇప్పుడు వెళ్లి వేలితో నొక్కి చూస్తే నీళ్లు ఊరాయి. లోపల మా అమ్మాయి శ్రావణి జడ వేసుకుంటోంది. అరగంటలో స్కూటరు మీద కర్నూలు టౌనుకు, తాను పనిచేసే రక్తపరీక్షల ల్యాబుకు బయలుదేరాలి. మా ఆయన సుబ్బరాయుడు ఆ మెత్తకు బారెడు దూరంలో కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఆ వాసన ఆయనకు తెలియదు. ఏ వాసనా తెలియదు. పన్నెండేళ్లయింది.

ఈ కుంకుడు వాసన ముక్కుకు తగిలితే నాకు మా అత్త ఓబులమ్మ వచ్చి పక్కన నిలబడినట్టే ఉంటుంది. ఆమె పోయి నాలుగేళ్లు. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. బెత్తెడు మనిషి. నవ్వితే పళ్ల కంటే చిగుళ్లు ఎక్కువ కనిపించేవి. అక్షరం ముక్క రాదు గానీ, ఒక్కసారి విన్న మాటను ఇరవై ఏళ్ల తర్వాత తెచ్చి మన ముందు పెట్టేది. కోడళ్లను ఏడిపించే అత్త కాదు, అలాగని ముద్దుచేసే అత్తా కాదు. నాకు ఆమె నేర్పిన వంట తక్కువ. భయపడడం మాత్రం సరిగ్గా నేర్పింది. భయపడడంలో కూడా సరిగ్గా చేసేది ఒకటుందని ఆమె దగ్గరే తెలుసుకున్నాను.

నేను కాపురానికి వచ్చింది ఎర్రగుంట్లకు. సిమెంటు ఫ్యాక్టరీల ఊరు. ఆరేసిన చీర మీద, తులసాకు మీద, ఉట్టి మీది పెరుగు ముంత మీద తెల్లగా దుమ్ము. రోడ్డు నిండా లారీలు. మా ఆయన ఫ్యాక్టరీలో పని, మోటారుసైకిలు మీద పోయి వచ్చేవాడు. పెళ్లయిన రెండో నెలలో ముద్దనూరు దగ్గర బంధువుల పెళ్లికి వెళ్లాం. నేను మిగతా ఆడవాళ్లతో బస్సులో వెళ్లాను, అత్త కొడుకు వెనక బండి మీద వచ్చింది. పందిట్లో అందరం కూర్చుని ఉన్నాం. బండి వచ్చి ఆగింది. దిగిన మనిషి ఒంటి మీద పట్టుచీర, తల మీద నల్లటి హెల్మెట్. తోలేవాడే పెట్టుకోని ఆ రోజుల్లో, వెనక కూర్చున్న ముసలామె పెట్టుకొని దిగితే పందిరి ఊరుకుంటుందా? వడ్డించేవాళ్లు కూడా గరిటెలు పట్టుకుని నిలబడిపోయారు. దాన్ని పెట్టుకోవడం కోసం ఆమె కొప్పు ముడి మానేసి చిన్నపిల్లలా జడ అల్లుకునేది. ఆ జడను చూసి జనం వేరేగా నవ్వేవారు.

వరసకు వదినయ్యే ఒకామె అడిగింది. "ఏం ఓబులమ్మా, ఆకాశం ఇరిగి మీద పడతాదనుకున్యావా?"

అత్త తాపీగా పట్టీ విప్పి, హెల్మెట్‌ను ఒళ్లో పెట్టుకుంది. "ఆకాశం యాడికి పోతాదిలేమ్మా, పైన్నే ఉంటాది. నేలే ఉన్నట్టుండి పైకి లేచ్చాది."

అందరూ పగలబడి నవ్వారు. నేనూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. ఆమె మాత్రం విస్తరి ముందు కూర్చున్నంతసేపూ దాన్ని చంటిబిడ్డను పెట్టుకున్నట్టు ఒళ్లోనే పెట్టుకుని తిన్నది. కింద పెట్టమని ఎవరు చెప్పినా పెట్టలేదు. దానికి అంత మర్యాద ఎందుకో నాకు చాలా ఏళ్లదాకా తెలియలేదు.

మా ఇంట్లో పొద్దున పూట ఒక తంతు ఉండేది. షిఫ్టుకు పోయే ముందు మా ఆయన హెల్మెట్ పెట్టుకుని గడప దగ్గర నిలబడి గడ్డం పైకెత్తాలి. అత్త వచ్చి పట్టీకీ గొంతుకూ మధ్య రెండు వేళ్లు దూర్చి చూసేది. మూడో వేలు దూరితే వదులు, మనిషి కింద పడితే ఊడిపోతుంది. ఒక్క వేలే పడితే బిగువు, ఊపిరాడక దోవలో వాడే విప్పేస్తాడు. రెండు వేళ్లు సరిగ్గా పట్టాలి. "రెండు" అనేది, పక్కకు తప్పుకునేది. బయట కలిసి పోవడానికి వచ్చిన స్నేహితులు, ఏం సుబ్బరాయుడూ, మీ అమ్మ పాలు గూడా పట్టి పంపిచ్చాదా అని ఎగతాళి చేసేవారు. ఆయన పళ్లు నూరుతూనే గడ్డం ఎత్తేవాడు.

ఇంకొకటి పావుగంట. ఫ్యాక్టరీ సైరను మోగాక పోతే ఆ పూట లోపలికి రానివ్వరు. అందుకని అందరూ చివరి నిమిషంలో బండ్లు తోలుకుంటూ పరుగులు. అత్త కొడుకును పావుగంట ముందే గడప దాటించేది. ఇంకా టైముంది కదమ్మా అని ఆయన గునిస్తే ఒకటే మాట. "ఆ పావుగంట నాది. నాకియ్యి. సైరను కోసరం ఉరికేటోని కండ్లకు దోవ కనపడదు." బండి పోయాక కూడా ఆమె గడప వదిలేది కాదు. మా ఇంటి నుంచి రైల్వే గేటు దాకా బండి శబ్దం వినిపిస్తుంది. అది మాయమయ్యేదాకా చెవి అటే పెట్టి నిలబడేది. సాయంత్రం ఆయన సంగటి ముద్ద ముందు కూర్చోగానే, పొద్దున గేటు కాడ బండి అరిసిందే, జోరుగా పోయినావా అనేది. లేదమ్మా అంటే, బండికి అబద్ధమాడేది రాదులే నాయనా అనేది. మెల్లగా నాకూ ఆ చెవి వచ్చింది. వీధిలో నలభై బండ్లు పోతున్నా మా బండిని పట్టేసేదాన్ని. అది వరమో శాపమో ఇప్పటికీ చెప్పలేను.

శ్రావణికి తొమ్మిదేళ్లప్పుడు, మా ఆడబిడ్డ కాన్పుకని అత్త తన హెల్మెట్‌ను కూడా సంచిలో పెట్టుకుని జమ్మలమడుగు పోయింది. పోతూ నాకు రెండే అప్పజెప్పింది, పావుగంట, రెండు వేళ్లు. ఆమె తిరిగొచ్చేలోపు ఇంట్లో అన్నీ తళతళలాడాలని నాకు ఉబలాటం. దుప్పట్లతోపాటు ఆయన హెల్మెట్ మెత్త కూడా ఊడబీకి కుంకుడు రసంతో ఉతికి వేశాను. మా వైపు వాన ఎన్నడు పడుతుందో దేవుడికే ఎరుక. సరిగ్గా ఆ రెండు రోజులే ముసురు పట్టింది. మూడోనాటి పొద్దున ఆయన దాన్ని తగిలించి పెట్టుకుంటే మెడ మీదుగా చొక్కాలోకి నీళ్లు కారాయి. మెత్త తీసేసి పెట్టుకుంటే తల అందులో గిలక్కాయలా ఆడింది. ఈ తొడగడాలూ విప్పడాలతోనే అత్త పావుగంట కాస్తా అయిపోయింది.

గోడకు మేకు మీద ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన పసుపు టోపీ వేలాడుతోంది. ఎర్రగుంట్లలో సగం మంది ఆ టోపీతోనే బండి తోలేవారు. దూరం నుంచి చూసే పోలీసుకు తల మీద ఏదో కనిపిస్తే చాలు, ఇంట్లో ఆడవాళ్లకూ అంతే. పై నుంచి బోల్టో రాయో పడితే ఆపడానికి చేసింది అది. మనిషే ఎగిరి రోడ్డు మీద పడితే దానికేమీ తెలియదు. ఈ తేడా నాకు అప్పుడు తెలియదు. ఇదీ టోపీనే కదా, ఇటివ్వు అన్నాడు మా ఆయన. నేనే మేకు మీద నుంచి తీశాను. కొంగుతో దుమ్ము తుడిచి మరీ ఇచ్చాను. అలవాటుగా రెండు వేళ్లు గడ్డం కిందికి పోయాయి. అక్కడ పట్టీ లేదు. నా వేళ్లు ఉత్త గొంతును తాకి వెనక్కి వచ్చాయి. అప్పుడైనా ఆపి ఉండాల్సింది. ఆయన అప్పటికే బండి ఎక్కాడు. గేటు దగ్గర బండి అరిచింది. విన్నాను. బియ్యం చాట పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

గేటు దాటాక మలుపులో లారీల నుంచి రాలిన సున్నపురాయి ముక్కలు ఎప్పుడూ ఉంటాయి. సైరను మోగేలోపు చేరాలని లారీని దాటబోయాడు. చక్రం ఆ ముక్కల మీద జారింది. చూసినవాళ్లు చెప్పారు, ఆయన బండి మీద నుంచి ఎగరక ముందే టోపీ తల మీద నుంచి ఎగిరిపోయిందట. ఎవరో దాన్ని తెచ్చి నా చేతికిచ్చారు. దాని మీద గీత కూడా పడలేదు.

కడపకు తీసుకెళ్లారు, అక్కడి నుంచి కర్నూలుకు పంపారు. ఆరు రోజులు ఆయన కళ్లు తెరవలేదు. రెండో రోజు మధ్యాహ్నం అత్త వచ్చింది. ఆసుపత్రి వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్న నా పక్కన వచ్చి కూలబడింది. ఏమీ అడగలేదు. అడిగితే బాగుండు అనిపించింది. చివరికి నేనే చెప్పాను. "నేనే ఇచ్చినా అత్తా. ఆ టోపీ నా చేత్తోనే తుడిచి ఇచ్చినా."

అప్పుడు అత్త మా మామ గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆయన నా పెళ్లికి ముందే బండి మీద నుంచి పడి చనిపోయాడని తెలుసు, అంతకు మించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. మామ కొత్త బండి తెచ్చిన రోజు పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారట. బండితోపాటు అంగడివాళ్లు హెల్మెట్ ఇచ్చారు. అంత నిగనిగలాడే వస్తువు ఇంట్లో ఇంకొకటి లేదు. సిమెంటు దుమ్ము పట్టి పాడైపోతుందని అత్తే దాన్ని మామ పెళ్లి పంచెలో చుట్టి అటక మీద పెట్టిందట, కడపకు పోయినప్పుడు పెట్టుకుందువులే అని. మామ కూడా సరేనన్నాడు. కొత్త పట్టుచీరను ఒక్కసారీ కట్టకుండా పెట్టెలో దాచుకునే మనుషులం మేము. హెల్మెట్‌నూ అలాగే దాచుకున్నాం. నెల తిరక్కుండానే ఒక పొద్దున కూతవేటు దూరమే గదా, పిండిమరకు పోయి వస్తానని పోయాడు.

"తెచ్చి పండబెట్నారు," అంది అత్త. "తెల్లగుడ్డ తెమ్మన్యారు. ఇంట్లో ఉండే తెల్లగుడ్డ ఆ పంచొక్కటే. అటకెక్కి మూట ఇప్పినా. లోపల అది ఉండాది. పైనుండే కాయితం గూడా ఊడలేదు."

పందిట్లో తింటున్నంతసేపూ ఆమె ఒళ్లో పెట్టుకున్నది ఆ హెల్మెట్టే.

నేను ఏడుస్తుంటే ఊరుకోమని చెప్పలేదు. "నీ తప్పు లేదని చెప్పనుమ్మే. చెప్పినా నువ్వు నమ్మవు. నాదీ ఉండాది ఇట్లాంటిదే. ఇద్దరం మోద్దాం." అంతే. నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. ఈ పన్నెండేళ్లలో నన్ను ఓదార్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్క మాట కూడా నిలబడలేదు, ఆ మాట తప్ప.

ఆయన బతికాడు. ఇంటికి వచ్చిన వారానికి వంటింట్లో పొయ్యి పక్కనే కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తున్నాడు. నేను పెరట్లో ఉన్నాను. తిరగమాతలో తెల్లగడ్డ, అదే వెల్లుల్లి, మాడి, పొగ వీధిలోకి పోయింది. అత్త దగ్గుతూ పరిగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పింది. ఆయన తలెత్తి, ఏమైందమ్మా అన్నాడు. అప్పుడు తెలిసింది. తల అదిరినప్పుడు ముక్కు వెనక సన్నటి నరాలు తెగి ఉంటాయని, వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అని డాక్టరు చెప్పాడు. రాలేదు. ఎత్తు ఎక్కితే కళ్లు తిరుగుతాయి కాబట్టి ఫ్యాక్టరీ పని కూడా పోయింది. కల్లూరు వచ్చి చిన్న కంపెనీ గేటు దగ్గర పనికి కుదిరాడు. అప్పటి నుంచి ఆయన అన్నానికి కూర్చుంటే అత్త పక్కన కూర్చుని వాసన చెప్పేది. ఈ పొద్దు గోంగూర, తెల్లగడ్డ ఎర్రగా ఏగింది, నెయ్యి కొంచెం కమురు అని. ఒకసారి వీధి కాలువ పూడిపోయి మేమంతా ముక్కులు మూసుకుంటే, ఈ వీధిలో నువ్వొకనివే సుఖంగా ఉండావురా నాయనా అంది. ఆయన దెబ్బ తగిలాక మొదటిసారి అప్పుడే నవ్వాడు.

శ్రావణి స్కూటరు నేర్చుకున్నప్పుడు గడప దగ్గర రెండు వేళ్లు పెట్టింది మా అత్తే. ఆమె పోయాక ఆ పని నాది.

ఇప్పుడు శ్రావణి తాళంచెవి పట్టుకుని వచ్చింది. మెత్త సంగతి చెప్పాను. "మెత్త లేకుండానే పెట్టుకుంటాలేమా. కూతవేటు దూరమే గదా," అంది.

ఆ మాట ఎవరి నోటి నుంచి ఎవరి నోటికి వచ్చిందో దానికి తెలియదు. హెల్మెట్ పెట్టి చూస్తే పట్టీ కింద అరచెయ్యి మొత్తం దూరింది.

"బండి ఈడ్నే ఉంటాది. నువ్వు ఆటోలో పో."

"ఆటో నిండేదాకా కదలదు. లేటయితే మా మేడం అరుచ్చాది."

"అరవనీ."

తాళంచెవి టీవీ మీద విసిరికొట్టింది. నీదంతా చాదస్తం, జేజి నీకే అంటించి పోయింది అంది. జేజి అంటే మా వైపు నాయనమ్మ. అంటించి పోయిన మాట నిజమే. విసవిసా చెప్పులు తొడుక్కుని గడప దగ్గరికి పోయింది. అక్కడ ఒక్క క్షణం ఆగి, గడ్డం పైకెత్తింది.

తల మీద హెల్మెట్ లేదు, పట్టీ లేదు. ఎక్కబోయేది ఆటో. అయినా ఎత్తింది, కోపం కోపంగానే ఉంది. నేను రెండు వేళ్లు గొంతు మీద ఆనించాను. చర్మం కింద నాడి టకటకా కొట్టుకుంటోంది.

"రెండు," అన్నాను.

తల మీద హెల్మెట్టే లేదని అప్పుడు తనకు తట్టి, నవ్వాపుకోలేక మొహం తిప్పుకుని వెళ్లిపోయింది. సందు చివర ఆటో శబ్దం మాయమయ్యేదాకా నిలబడ్డాను. ఆ వేళ్లు రెండూ ఇంకా వెచ్చగా ఉన్నాయి. లోపలికి వస్తుంటే, మెత్త ఇంకా ఆరలేదా, ఏం వాసనొస్తాంది అని అడిగాడు మా ఆయన. పక్కన కూర్చుని చెప్పాను.