నల్లరాళ్ల ఒడ్డు పుస్తకం

ఇన్నేళ్లుగా నా గొంతులో ఒక మాట అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. పెళ్లానికి చెప్పలేదు, పిల్లకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. అయినా మీరు ఇంకెవరి చెవిన వేస్తారోనని ఒక పక్క పీకుతూనే ఉంది. ఏం చేయను, అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

వరంగల్ స్టేషన్ దగ్గర అద్దె కారు నడిపేవాణ్ణి. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, కాలేజీలో రాళ్ల గురించి పాఠం చెప్పే లెక్చరర్ ఒకాయన ఆదివారాలు నా కారు మాట్లాడుకున్నాడు. పొద్దున పోయి పొద్దుగూకక ముందే తిరిగొచ్చేవాళ్లం. ధర్మసాగర్ వైపు, స్టేషన్ ఘన్‌పూర్ వైపు. నీళ్ల ఒడ్డున నల్లరాళ్లు కనిపిస్తే చాలు, ఆపమనేవాడు. భూమి లోపల కుతకుత ఉడికి, పగుళ్లలోంచి పైకి తన్నుకొచ్చి గడ్డకట్టిన రాయి ఇదని చెప్పేవాడు. ఎక్కడో అగ్నిపర్వతాల పక్కన సముద్రపు ఒడ్డున ఇసుకంతా నల్లగా ఉంటుందట, జనం కార్లేసుకుని చూడబోతారట. మనకు సముద్రం లేకపోతేనేం, ఇలాంటి ఒడ్డులున్నాయి, ఒక్క రోజులో చూసి రావచ్చు, వాటి మీద చిన్న పుస్తకం వేస్తానన్నాడు.

నేను నమ్మలేదు. రాళ్లు చూడ్డానికి పెట్రోలు పోసుకుని ఎవడొస్తాడండీ?

పైగా ఆయన పనులు చూడండి. మీటరు చూసి అంకెలు రాసేవాడు. మలుపుల్లో రాళ్ల మీద ఎర్ర రంగుతో బాణం గుర్తులు వేసేవాడు. ఈ చెలక ఎవరిది, ఆ పొలం ఎవరిది అని అడిగేవాడు. అంతా ఒక నోటుబుక్కులోకి ఎక్కేది, అదీ ఇంగ్లీషులో. నాకు తెలుగు చదవడమే గొప్ప.

ఎర్ర రంగంటే మాకు ఎందుకంత బెదురో చెప్పాలి. మా మామది ధర్మసాగర్ అవతల ఒక పల్లె. వెనకెప్పుడో ఆ ఊరి చెరువు కట్ట ఎత్తు పెంచే ముందు, ఇలాగే మర్యాదస్తులు జీపులో వచ్చారు. మజ్జిగ తాగారు. రాళ్ల మీద ఎర్ర గీతలు పెట్టి, ఎవరి చెలక ఏదో రాసుకుని పోయారు. తర్వాత ఆ గీతల దాకా నీళ్లొచ్చాయి. మామకు ఒడ్డున ఎకరం ముక్క మిగిలింది. అప్పటినుంచీ ఆ ఊళ్లో రాసుకునే మనిషికి మంచినీళ్లు కూడా ఇవ్వరు.

ఒక ఆదివారం లెక్చరర్ ఆ ఎకరం పక్కనే ఆపమన్నాడు. ఆ రోజు ఆయన వెంట తోటి లెక్చరర్, ప్రాణస్నేహితుడు, వచ్చాడు. వెనక సీట్లో నిద్రపోతున్నాడు. మన రాళ్ల లెక్చరర్ ఒడ్డుకు దిగి, సంబరంగా తిరిగొచ్చి, ఈ చెలక ఎవరిదని అడిగాడు. మా మామదని చెప్పాను. రాసుకున్నాడు. బుక్కు ముందు సీటు మీద పెట్టి, రంగు డబ్బా పట్టుకుని పోయి, మామ గట్టు రాయి మీద ఎర్ర బాణం వేశాడు. మామ దూరం నుంచి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. వీణ్ణి నువ్వే తోలుకొచ్చినవా అన్నట్టుంది ఆ చూపు. నాకు ఒళ్లు మండిపోయింది. నోటుబుక్కు తీసి నా సీటు కింద తోసేశాను.

ఆయన ఒడ్డంతా వెతికాడు. నేనూ వంగి వంగి వెతికాను, సిగ్గులేకుండా. తర్వాత ఆయనకు వేరే ఊరికి బదిలీ అయింది. మామ ఎకరం జోలికి ఎవరూ రాలేదు. నా వల్లనే నిలిచిందనుకున్నాను. అల్లుడు మొనగాడని మామ ఊరంతా చెప్పుకున్నాడు.

నాలుగైదేళ్లకు మా బిడ్డ పదో తరగతికొచ్చింది. ఎక్కడిదో చెప్పకుండా ఆ బుక్కు ఇచ్చి, చివరి పేజీ చదవమన్నాను. చదివి తెలుగులో చెప్పింది. గట్టు రాయి దగ్గర ఎడమకు దిగాలి. ఇసుక నల్లగా మెత్తగా ఉంటుంది, పిల్లలు ఆడుకోవచ్చు. చెలక మా డ్రైవరు మామగారిది, కారు నిలిపే ముందు ఆయన్ను అడగండి, పైరు తొక్కకండి. అంతే.

ఇంతవరకూ తెలియక చేశాను, భయంతో చేశాను. ఇదే అయితే మీకు చెప్పుకునేంత బరువు కాదు. ఆ ఏడే లెక్చరర్ స్టేషన్ దగ్గరికొచ్చాడు. జుట్టు నెరిసింది.

"నేను యాదికున్ననా అన్నా? నా బుక్కు కార్ల గిట్ట యాడన్న దొరికిందా?"

"లేదు సార్. దొరికితే ఇయ్యకపోదునా?"

"నీ మీద నాకు డౌట్ లేదు. కార్ల పండుకున్నది మావోడొక్కడే కదా. వాడే తీసిండని నలుగురి ముంగట అన్న. గప్పటి సంది మాటల్లేవు."

బుక్కు కాశిబుగ్గలో మా ఇంట్లో ఉంది. పావుగంటలో తెచ్చి ఇవ్వొచ్చు. ఇద్దరు స్నేహితులు మళ్లీ మాట్లాడుకునేవారు. మరెందుకు తెచ్చివ్వలేదు? పోలీసులకు భయపడ్డానా? కాదు. తోటి డ్రైవర్లు పక్కనే ఉన్నారు. నన్ను నమ్మిన మనిషి ముందు దొంగగా నిలబడలేకపోయాను. నా పరువు కోసం ఇంకొకడి పరువు తీశాను. మర్నాడు పొద్దున నీళ్ల పొయ్యిలో ఆ బుక్కు పెట్టాను. పేజీ పేజీ చింపి మరీ పెట్టాను. ఆ నీళ్లతోనే స్నానం చేశాను.

వాళ్లిద్దరూ ఎక్కడున్నారో, అసలున్నారో లేదో తెలియదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఒక్క ముక్క మాత్రం నా నోటితో అనాలి. సార్, మీ దోస్తు ఆ రోజు నిజంగానే నిద్రపోయాడు. పుస్తకం తీసింది నేను.