వదిన రాయనన్న రివ్యూ

కళ్ళద్దాల షాపావిడ స్పీకర్లంటే చెవి కోసుకుంటుంది. పగలంతా జనం ముక్కుల మీద లెన్సులు మార్చి మార్చి, "ఇది బాగుందా, పోనీ ఇదా?" అని అడగడం ఆమె వృత్తి. షట్టర్ దించి ఇంటికొచ్చాక అదే ప్రశ్న తన చెవుల్ని అడగడం ఆమె సరదా. ముందుగదిలో సోఫాని గోడ దగ్గర్నుంచి లాగి నడిమధ్యన వేసింది. వచ్చిన చుట్టాలు దానికి తగులుకుని, "ఇదేం చోటమ్మా!" అనేవారు. "పాట అక్కడే బాగా వినిపిస్తుంది మరి," అనేది తను.

ఆమెలాంటి పిచ్చివాళ్ళకి ఊళ్ళో ఒక గ్రూపు ఉంది. ఇంట్లోనే స్పీకర్లు చేసుకునేవాళ్ళు వాటిని మోసుకొచ్చి ఆమెకి ఇచ్చేవారు. ఆమె తీరిగ్గా విని గ్రూపులో రివ్యూ రాసేది. బాగుంటే బాగుందని, లేకపోతే లేదని. ఒకసారి దగ్గరి స్నేహితురాలి స్పీకర్ గురించి, "జలుబు చేసిన మనిషి పాడుతున్నట్టుంది," అని రాసేసింది. స్నేహితురాలు మూతి ముడుచుకుంది కానీ, డబ్బా విప్పి సరిచేసుకుంది. అందుకే ఆమె మాటకి అంత విలువ.

ఈ పిచ్చి ఆమె నుంచి మరిదికి అంటుకుంది. అతనికి వంటింటి అల్మారాలు చేసే షాపు ఉంది. మిగిలిపోయిన ప్లైవుడ్‌తో ఒక జత డబ్బాలు చేశాడు, నచ్చక ఇంకో జత చేశాడు. "వదినా, ఒక్కసారి విని పో," అని ఫోన్ వచ్చినప్పుడల్లా ఆమె ఇంటికెళ్ళే దారిలో అక్కడ ఆగేది. రంపపు పొట్టు చీరకి అంటుతున్నా పట్టించుకోకుండా, తిరగేసిన పెయింటు డబ్బా మీద కళ్ళు మూసుకుని కూర్చునేది.

"ఆడగొంతు ముక్కుతో పాడుతోంది, అబ్బాయ్."

అతను లోపలి సర్క్యూట్‌లో ఏదో మార్చేవాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడు ముక్కు పోయింది. గొంతు కూడా పోయింది."

అలా మార్చగా మార్చగా, ఒక ఆదివారం మధ్యాహ్నం రెండు డబ్బాల మధ్య ఎవరో మనిషి నిలబడి పాడుతున్నట్టు వినిపించింది. పాట అయిపోగానే మరిది దాన్నే మళ్ళీ పెట్టాడు. రెండోసారి కూడా విన్నాక అన్నాడు:

"వీటిని అమ్మకానికి పెడతాను వదినా. నువ్వు రివ్యూ రాస్తే చాలు, ఇక తిరుగుండదు."

"నేను రాయకూడదు."

"నచ్చలేదా?"

"నచ్చబట్టే. సగం నేను చెప్పినట్టు చేశావు. పైగా మా ఇంటి మనిషివి. ఇప్పుడు నేనే ఆహా ఓహో అంటే, నా వంటకి నేనే మార్కులేసుకున్నట్టుంటుంది."

"నేను నీ మరిదినని గ్రూపులో ఎవరికి తెలుసు?"

"అదే కదా గొడవంతా!"

మరిది ముఖం మాడ్చుకున్నాడు. ఇంటికి రావడం మానేశాడు. అన్నకి ఫోన్ చేసి టీవీ ఎలా ఉంది, ఫ్రిజ్ ఎలా ఉంది అని అడిగేవాడు కానీ వదిన ఊసెత్తేవాడు కాదు.

"రెండు ముక్కలు రాసి పారెయ్యరాదూ?" అన్నాడు భర్త.

"మీరు ఊరుకోండి."

"నేను ఊరుకునే ఉన్నాను. మీ ఇద్దరి మధ్యా నాకున్న పనే అది."

కొన్నాళ్ళకి మరిది ఆమె షాపుకే వచ్చాడు. కళ్ళజోడు స్క్రూ వదులైందన్నాడు. ఆమె బిగిస్తుంటే గోడకేసి చూస్తూ, "నువ్వు రాయకపోతేనేం, విడిభాగాల షాపాయన రాస్తానన్నాడు," అన్నాడు.

విడిభాగాల షాపాయన స్పీకర్లకి కావలసిన కాయిల్స్, కోన్లు అమ్ముతాడు. అదే గ్రూపులో రివ్యూలూ రాస్తాడు. ఆ రెండూ కలవడం ఆమెకి మొదటినుంచీ గిట్టదు.

"ఊరికే రాస్తానన్నాడా?"

"ఊరికే. లోపలున్న సామాను తీసేసి ఆయన షాపు సామాను వేయమన్నాడు. అంతే."

"అంతేనా?"

అంతే అనబోయి మరిది ఆగిపోయాడు.

"అవి వేస్తే ఇంకా బాగుంటుందన్నాడా?"

"అది... చెప్పలేదు."

"అసలు మన స్పీకర్లు విన్నాడా?"

"వినలేదు." ముందు అతనికే నవ్వొచ్చింది. తర్వాత ఆమెకి.

అప్పుడామె ఒక మాట చెప్పింది. పాటకి అడ్డం రాని పల్చటి నల్ల తెర కట్టి, దాని వెనక నాలుగు జతలు పెడదాం. ఏది ఎవరిదో చెప్పకుండా గ్రూపంతా విని మార్కులేస్తారు. ఏర్పాట్లన్నీ గ్రూపులో ఉన్న రిటైర్డ్ టీచరమ్మ చూసుకుంటుంది. ఆవిడ స్పీకర్లు చేయదు, అమ్మదు. "నేనూ వేస్తాను, కానీ నా మార్కులు లెక్కలోకి రావు," అంది. మరిది ఒప్పుకున్నాడు. విడిభాగాల షాపాయన కూడా తను చేసిన జత తెచ్చాడు.

సెలవురోజు అద్దె హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. చప్పుడొస్తుందని ఫ్యాన్లు ఆపేశారు. అందరూ చెమటలు కక్కుతూ ఒకే పాటని నాలుగుసార్లు విన్నారు. మొదటి జత మొదలవగానే ఆమె, 'గీసుకుపోతోంది, కచ్చితంగా ఆయనదే,' అనుకుని హుషారుగా మార్కులు కోసేసింది. మూడోది హాయిగా ఉంది. 'ఇది మా వాడిదే!' అనుకుని ధారాళంగా మార్కులేసింది.

టీచరమ్మ తెర తీసింది. మూడోది షాపాయనది. మొదటిది మరిదిది.

ఆమె గబగబా తన మార్కుల చీటీ మడవబోయింది. మరిది ఆమె చేతిలోని చీటీలోకి తొంగిచూశాడు. "వదినా, మనది నీకు నచ్చలేదా?"

"నచ్చేదే. ఆయనదనుకున్నాను కాబట్టి నచ్చలేదు."

గ్రూపు మార్కుల్లో షాపాయన జతకి మొదటి స్థానం, మరిది జతకి రెండో స్థానం వచ్చాయి. ఆమె సిగ్గుపడుతూనే వెళ్ళి షాపాయనతో, "చాలా బాగా చేశారండీ," అంది.

"మీరెప్పుడూ మా ఇంటికొచ్చి వినలేదు."

"పిలిస్తే వచ్చేదాన్ని."

"పిలిస్తే తిడతారని భయమండీ," అన్నాడాయన. భయం నిజంగానే ఆ ముఖంలో కనిపించింది.

ఇకమీదట రివ్యూ రాసేవాళ్ళు, చేసినవాళ్ళతో తమకున్న సంబంధం మొదటి వాక్యంలోనే చెప్పాలని ఆమె అక్కడే ప్రతిపాదించింది. చుట్టరికమైనా, అమ్మకమైనా, పగైనా. షాపాయన మెడ గోక్కుంటూ, "నా మొదటి వాక్యమే ఒక పేజీ అవుతుందండీ," అన్నాడు. హాలంతా గొల్లుమంది. అయినా అందరికన్నా ముందు చెయ్యెత్తింది ఆయనే.

ఆ వారం ఆమె షాపాయన స్పీకర్ల మీద రివ్యూ రాసింది. "ఈయనంటే నాకు ఇదివరకు గిట్టేది కాదు, అది గుర్తుపెట్టుకుని చదవండి," అని మొదలుపెట్టి, మనసారా మెచ్చుకుంది. మరిది స్పీకర్ల గురించి టీచరమ్మ రాసింది: పెద్ద హాల్లో సన్నస్వరాలు కాస్త చెవిలో గుచ్చుకుంటాయి, చిన్న గదిలో మాత్రం ముచ్చటగా ఉంటాయి. మరిది ఆ మాటనే బోర్డు మీద రాయించుకున్నాడు: "చిన్న గదులకి."

మొదటి జత కొన్నది ఒక కుట్టుపని ఆవిడ. కొన్నాళ్ళకి ఫోన్ చేసి, "మీ స్పీకర్లు పెట్టాక మిషన్ ఆపి మరీ వింటున్నాను, బట్టలు అలాగే ఉండిపోతున్నాయి బాబూ," అని తిట్టిందట. మరిది ఆ తిట్టు వదినకి చెప్పాలని పరుగున వచ్చాడు. షాపులో జనం ఉన్నారు. ఆమె ఒక పెద్దాయన ముక్కు మీద లెన్సు మారుస్తూనే మొత్తం విని, మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది.