అత్త దాచే కత్తెర

నెదర్లాండ్స్‌లో ఉన్న నా భర్త దగ్గరికి పోవాలంటే డచ్ మాట్లాడే పరీక్ష పాసవ్వాలి. కోరుట్లలో అత్తగారింట్లోనే కూర్చుని, ఫోన్‌లో పాఠాలు వింటూ నేర్చుకున్నాను. వస్తువుల పేర్లు తొందరగానే వచ్చాయి. మీద, కింద, వెనక లాంటి చిన్న మాటలకే నాలుక తిరగలేదు. ఆ భాషలో అవి వస్తువు కన్నా ముందొస్తాయి. వెనక అని ముందే అనేస్తారు. దేని వెనకో తర్వాత తెలుస్తుంది.

అత్త బీడీలు చుట్టేది. తునికాకు కత్తిరించే కత్తెరను ఎక్కడో పెట్టి, "యాడున్నదే? నీ దొరల భాషల చెప్పు" అనేది. ఒకరోజు వాకిట్లో బీడీలు చుట్టే ఆడవాళ్లందరి ముందు, "ఇంట్ల కత్తెర యాడున్నదో చెప్పుడు రాదు, గిది సముద్రం దాటుతదట!" అంది. ఆ రోజు ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

పరీక్షకు నెల ముందు అత్త పోయింది. నా భర్త రాలేకపోయాడు. మూడోరోజు శ్మశానం దగ్గర పిట్టకు ముద్ద పెట్టాం. కాకులు గోడ మీద బారుగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. పోయినవాళ్లకు కోరిక మిగిలితే పిట్ట ముట్టదంటారు.

"అవ్వా, నీ మేకలను అమ్మం, ముట్టవే" అని ఆడబిడ్డ ఏడ్చింది. తర్వాత నావైపు తిరిగింది. "వదినె, నువ్వన్నా తప్పయిందని దండం పెట్టరాదు?"

"తప్పు నాదా?" అన్నాను.

చేతులు జోడించలేదు. మెతుకులు ఎండిపోతున్నాయి. అందరూ నన్నే చూస్తున్నారు. "ద స్ఖార్ లిఖ్ట్ ఓండర్ ద స్తూల్" అన్నాను. కత్తెర కుర్చీ కింద ఉంది అని. మొదటిసారి తడబడలేదు.

ఒక కాకి నేరుగా దిగి ముద్ద ముట్టింది.

అత్త పోయిన రోజే కత్తెరను చాటలో పెట్టి అటక ఎక్కించాను. ఇంటికి వచ్చి చూస్తే కుర్చీ కింద ఉంది.

ఆడబిడ్డ వెళ్లిపోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. రోజూ పొద్దున కత్తెర మరోచోట కనిపించేది. పెట్టె మీద, తలుపు వెనక, పొయ్యి పక్కన. చచ్చి కూడా ఊరుకోదా అనుకుంటూనే, అదెక్కడుందో డచ్‌లో గట్టిగా చెప్పి అటక మీద పెట్టేదాన్ని.

డచ్ కాన్సులేట్‌కు పోయి పరీక్ష ఇచ్చాను. పాసయ్యానని తెలిసిన పొద్దున ఇల్లంతా వెతికాను. కత్తెర అటక మీద, చాటలోనే ఉంది. పక్కన అప్పుడే కత్తిరించిన తునికాకు ముక్క, తడిగా. అత్త పోయాక ఇంట్లోకి ఆకు రానేలేదు.

బాగా చెప్పినవ్ అని మాత్రం అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనలేదు. నోటితో అనేదాకా ఆ ముక్కను తీయనని అట్లాగే ఉంచాను. వారమైంది. ఆకు ఇంకా ఆరలేదు.