అడ్డగీత పడిన వేలిముద్ర

దర్జీ అరబా నోట్లో గుండుసూదులు పెట్టుకునే తిడుతుంది. ఎంపీకి ఒక పార్టీకి, అధ్యక్షుడికి ఇంకో పార్టీకి ఓటేసేవాళ్లను మా ఘనాలో లంగా-జాకెట్టు ఓటర్లంటారు. "అలాంటోళ్లను నా గడప తొక్కనివ్వను," అంటుంది. మొన్న ఓట్ల లెక్కింపులో పార్టీ ఏజెంటుగా ముందు వరసలో కూర్చుంది. అధికారి వేలిముద్రతో వేసిన ఓటు కాగితాలు ఒక్కోటీ ఎత్తి చూపిస్తున్నాడు. ఒకదాని మీద అవతలి పార్టీ అధ్యక్ష అభ్యర్థి బొమ్మ పక్కన వేలిముద్ర, దానికి అడ్డంగా తెల్లటి గీత. అరబా మొగుడు ఎబో పడవల వడ్రంగి. ఉలి దిగిన అతని బొటనవేలికి కట్టు కట్టింది తనే.

"అభ్యంతరముందా అమ్మా?" అన్నాడు అధికారి.

"లేదు. ముద్ర సరిగ్గానే పడింది."

ఇంటికొచ్చేసరికి ఎబో పులిసిన మొక్కజొన్న పిండితో చేసిన కెంకే ముద్ద ఆకు విప్పి, చేప ముళ్లు ఏరి ఆమె ముందు పెట్టాడు. "మనకెన్ని పడ్డాయే?"

అరబా ఆ బొటనవేలినే చూస్తూ, "ఒకటి తగ్గింది," అంది.